వాళ్లు అడగని ప్రశ్నకూ జవాబు సిద్ధం చేసుకోండి

ప్రశ్న: నా వయసు 52. పాతికేళ్లకు పైగా అకౌంట్స్‌లో పనిచేశాను. చివరి పదేళ్లు పేరోల్ (ఉద్యోగుల జీతాల లెక్క) చూశాను. గతేడాది మా సంస్థను మరో సంస్థ కలిపేసుకుంది, మా విభాగాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాను. ఫోన్‌లో మాట్లాడినంతసేపూ బాగానే ఉంటుంది. ఎదురుగా కూర్చోగానే వాళ్ల ముఖాలు మారిపోతాయి. ‘మీ అనుభవానికి ఈ ఉద్యోగం చిన్నదేమో’, ‘మా టీమ్ అంతా కుర్రాళ్లే, ఇమడగలరా’, ‘ఇంకా ఎన్నేళ్లు చేద్దామనుకుంటున్నారు’ అంటారు. ఆ తర్వాత కబురుండదు. మొన్న ఒకతను, మా అబ్బాయి వయసుంటుంది, ‘కొత్త సాఫ్ట్‌వేర్లంటే మీకు కష్టం కాదా మేడమ్’ అన్నాడు. రెండేళ్ల కిందట మా పేరోల్ మొత్తాన్ని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ మాట కూడా నోటికి రాలేదు. బయటికొచ్చి ఏడ్చేశాను. జుట్టుకు రంగు వేసుకోవాలా? బయోడేటాలో వయసు దాచాలా? సగం జీతానికైనా సరేననాలా? లేకపోతే ఇక చాలనుకోవాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. ఇక చాలనుకోవద్దండీ. మీ ఉత్తరం చదివాక మీ పనితనం మీద నాకు ఏ అనుమానమూ కలగలేదు. ఆ పనితనం బల్లకు అవతల కూర్చున్నవాళ్ల కంట పడటం లేదు, అంతే. దానికి దారి ఉంది.

అలాగని వివక్ష మీ భ్రమ అని మాత్రం అనను. లోపమంతా నాలోనే ఉందేమోనని మీరు నిద్ర పాడుచేసుకుంటూ ఉంటే, ఆ పని వెంటనే మానేయండి. అమెరికాలో డేవిడ్ న్యూమార్క్ అనే ఆర్థికవేత్త మరో ఇద్దరితో కలిసి 40,000కు పైగా కల్పిత దరఖాస్తులు తయారుచేసి, నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపారు. అర్హతలు ఒకే తీరుగా ఉంచి వయసు మార్చి చూశారు. 2019లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, ఆఫీసు సహాయక ఉద్యోగాల్లో 64–66 ఏళ్ల మహిళలకు వచ్చిన పిలుపులు 30 ఏళ్ల చుట్టుపక్కల ఉన్న యువతులకు వచ్చినవాటిలో దాదాపు సగమే. 50 ఏళ్ల వాళ్లకూ తగ్గాయి. మగవాళ్ల కన్నా ఆడవాళ్ల విషయంలోనే ఈ వివక్ష బలంగా కనిపించింది. మనిషి ముఖం చూడకముందే జరిగిపోయే వడపోత ఇది. మీకు ఇంటర్వ్యూలు వస్తున్నాయంటే ఆ వడపోతను మీరు దాటుకునే వెళ్తున్నారు. దాన్ని తక్కువగా చూడకండి.

ఇక ఆ గదిలో ఏం జరుగుతోందో చూద్దాం. నేనూ చాలాసార్లు ఇంటర్వ్యూ చేసేవాళ్ల వైపు కూర్చున్నాను. వయసులో పెద్దవాళ్లు లోపలికి రాగానే అవతలి మనసులో మెదిలే భయాలు ఎక్కువగా మూడే. ఈమె కొత్తది నేర్చుకుంటుందా? తనకన్నా చిన్నవాళ్లు చెబితే వింటుందా? చేరాక ఎన్నాళ్లుంటుంది? వీటిని నేరుగా అడగటానికి మొహమాటం. అందుకే ‘ఇమడగలరా’ అనీ ‘చిన్నదేమో’ అనీ తిప్పి తిప్పి అడుగుతారు. కొందరు అదీ అడగరు. అడగకపోతే భయం పోదు కదా, జవాబు వాళ్లే ఊహించేసుకుంటారు. ఆ ఊహ మీకు మేలు చేయదు. అందుకే వాళ్లు అడిగేదాకా ఆగకండి. వయసు మాటే ఎత్తకుండా, మీరు చేసిన ఒక పని చెప్పి ఆ భయాలను మీరే తీర్చేయండి. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ మూడింటిలో మొదటిదాని మీద ఎక్కువ శ్రమ పెట్టండి. ఎందుకో చెబుతాను. పెద్ద వయసు ఉద్యోగుల గురించి జనం అనుకునే ఆరు మాటలు నిజమో కాదో తేల్చడానికి థామస్ ఎన్‌జీ, డేనియల్ ఫెల్డ్‌మన్ అనే పరిశోధకులు 400కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. 2012లో వెలువడిన ఆ పత్రంలో, పెద్దవాళ్లకు పనిమీద ఉత్సాహం తక్కువన్నదీ, మార్పును అడ్డుకుంటారన్నదీ, ఆరోగ్యం బాగుండదన్నదీ, మనుషుల్ని నమ్మరన్నదీ, ఇంటి బాధ్యతల వల్ల పని దెబ్బతింటుందన్నదీ, ఏవీ నిలబడలేదు. ఒక్కటి మాత్రం కొంతమేరకు నిలబడింది. శిక్షణకు, కొత్త విషయాలు నేర్చుకోవడానికి పెద్దవాళ్లు కాస్త తక్కువగా ముందుకొస్తారన్నది. అది సగటు లెక్క, మీ గురించి చెప్పిన మాట కాదు. కానీ ఎదుటివాడి అనుమానానికి ఎంతో కొంత ఆధారం ఉన్నది అక్కడే కాబట్టి, మీ దగ్గరున్న గట్టి రుజువును కూడా అక్కడే వాడాలి.

ఆ రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. పాత పేరోల్‌ను కొత్త సిస్టమ్‌కు మార్చిన ముగ్గురిలో ఒకరినని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఇంటర్వ్యూలో అయితే ఆ ఒక్క వాక్యం కూడా రాలేదు. అవమానం ఎదురైనప్పుడు మాట గొంతులో ఆగిపోవడం ఎవరికైనా జరుగుతుంది, దానికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. కాకపోతే ముందే నోటికి అలవాటైన మాట అలాంటి సమయంలో కూడా బయటికొస్తుంది. ‘మీ గురించి చెప్పండి’ అనగానే మీరిలా మొదలుపెట్టారనుకుందాం. నమూనాగానే రాస్తున్నాను, వివరాలు మీవి పెట్టుకోండి.

‘పదేళ్లుగా పేరోల్ చూస్తున్నాను. రెండేళ్ల కిందట మా సంస్థ కొత్త సిస్టమ్‌కు మారింది. ఆ మార్పిడి, అంటే మైగ్రేషన్, చేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. మొదటి రెండు నెలలూ జీతాలు రెండు సిస్టమ్స్‌లోనూ లెక్కకట్టి, ఒక్కొక్కరి చేతికొచ్చే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూశాం. మొదటి నెల కొందరి జీతాల్లో చిన్న చిన్న తేడాలొచ్చాయి. తేడా వచ్చినవాళ్లంతా ఓవర్‌టైమ్ చేసినవాళ్లేనని నాకు తట్టింది. పాత సిస్టమ్ అరగంటను గంటగా రౌండ్ చేసేది, కొత్తది చేయడం లేదు. ఆ సెట్టింగ్ ఎక్కడుంటుందో మాత్రం నాకు తెలియదు. మా ముగ్గురిలో చిన్నమ్మాయికి అది బాగా తెలుసు, తన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రెండో నెల లెక్క పూర్తిగా సరిపోయింది.’

ఇందులో ‘నేను త్వరగా నేర్చుకుంటాను’ అన్న మాట లేదు. నేర్చుకున్న సంఘటన ఉంది. ‘చిన్నవాళ్లతో కలిసిపోతాను’ అన్న హామీ లేదు. చిన్నమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకోవడం ఉంది. తేడా వచ్చినవాళ్లంతా ఓవర్‌టైమ్ వాళ్లేనని పట్టుకున్నది మాత్రం అనుభవమే. అనుభవం విలువ ఇలా తెలియాలి కానీ అంకె చెబితే తెలియదు. అద్దం ముందు కాదు, ఎవరో ఒక మనిషి ఎదుట నాలుగైదు సార్లు చెప్పి చూడండి. ఒకటిన్నర నిమిషంలో ముగియాలి. అంతకన్నా సాగితే వినేవాళ్ల చూపు ల్యాప్‌టాప్ మీదికి వెళ్లిపోతుంది. ఇదే కథ ‘కొత్త సాఫ్ట్‌వేర్లు కష్టం కాదా’ అన్న ప్రశ్నకూ జవాబవుతుంది. అప్పుడు నొచ్చుకున్నట్టు కనపడకుండా, ‘మంచి ప్రశ్నే, మొన్న మైగ్రేషన్‌లో ఏం జరిగిందో చెబుతాను’ అని మొదలుపెట్టవచ్చు. రెండేళ్లు గడిచాయి కాబట్టి, దానికి తోడు ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నది కూడా ఒకటి ఉండాలి. లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. ఎక్సెల్‌లో వివరాలను చేర్చి సరిచేసే పవర్ క్వెరీ సాధనం కావచ్చు, లెక్కలు సరిచూసుకోవడానికి ఏఐ సాధనాలను ఎంతవరకు నమ్మవచ్చో స్వయంగా వాడి చూడటం కావచ్చు. సర్టిఫికెట్ ఉంటే మంచిదే. కానీ ‘దీంతో నేను ఇది చేశాను’ అని చూపించగలగడం అంతకన్నా మంచిది.

‘పాతికేళ్ల అనుభవం ఉంది’ అని మొదలుపెట్టే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి. ఆ మాటకు మీరు ఆశించే గౌరవం దక్కడం లేదు, అవతలివాళ్లు మీ వయసు లెక్కేసుకోవడానికి మాత్రం పనికొస్తోంది. చేదు నిజం ఇంకొకటి ఉంది. ఎంపిక పద్ధతుల మీద 85 ఏళ్లపాటు జరిగిన పరిశోధనలను ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 1998లో క్రోడీకరిస్తే, మనిషి ఎన్నేళ్లు పనిచేశారన్న అంకె రేపటి పనితీరును చాలా బలహీనంగానే సూచిస్తుందని తేలింది. చేతికి పని ఇచ్చి చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో మార్కులు వేయడం అంతకన్నా ఎంతో మెరుగ్గా సూచిస్తాయి. ఇది మీకు నష్టంగా తోచవచ్చు కానీ నిజానికి మీ పక్షానే ఉంది. పిచ్చాపాటీ కబుర్లతో సాగే ఇంటర్వ్యూలో ‘మనలాంటి మనిషేనా’ అన్న చూపు రాజ్యమేలుతుంది. పరీక్ష పెట్టే చోట పని మాట్లాడుతుంది. కాబట్టి సంభాషణ దారి తప్పుతోందనిపించినప్పుడు మీరే అడగండి: ‘మీకు అభ్యంతరం లేకపోతే ఒక నమూనా పేరోల్ ఇవ్వండి, తప్పులు పట్టి చూపిస్తాను.’ ఒప్పుకుంటే మీ పంట పండినట్టే. ఒప్పుకోకపోయినా ఆ ధైర్యం గుర్తుండిపోతుంది.

‘మీ అనుభవానికి ఈ ఉద్యోగం చిన్నదేమో’ అన్నప్పుడు చాలామంది ‘పర్లేదండీ, ఏ పనైనా చేస్తాను’ అంటారు. అది అవతలివాళ్లకు గతిలేక వచ్చిన మనిషి మాటలా వినిపిస్తుంది, ఇంకో చోట దొరగ్గానే వెళ్లిపోతుందన్న భయం ఇంకా పెరుగుతుంది. ఈ ఉద్యోగమే ఎందుకు కావాలో ఒక నిజమైన కారణం చెప్పండి. మనుషుల్ని నడిపించడం కన్నా లెక్కల పనే మీకు ఇష్టమైతే ఆ మాటే చెప్పండి: ‘పదిమందిని చూసుకునే పనీ చేశాను, స్వయంగా లెక్క చూసే పనీ చేశాను. రెండోదే నాకు నచ్చింది, అందుకే దీనికి దరఖాస్తు పెట్టాను.’ కారణం నిజమైనదే కావాలి. అల్లిన కారణం రెండో ప్రశ్నకే విడిపోతుంది.

చిన్న వయసు మేనేజర్ గురించి ఒక్క మాట. మొన్న ఎదురైనతను మీ అబ్బాయి వయసువాడని రాశారు. ఆ ఆలోచన మనసులో ఉంటే నోట్లోంచి ‘బాబూ’ అనో ‘నాన్నా’ అనో ప్రేమగానే జారిపోతుంది. ‘మా రోజుల్లో’, ‘ఈ వయసులో నాకెందుకు అబద్ధం’ లాంటివీ అంతే. ఆ గదిలో అతను మీ పనిని చూడబోయే మనిషి. ‘మీరు’, ‘గారు’ తప్ప ఇంకేదీ వద్దు. మేనేజర్‌తో ఏకీభవించని సందర్భం చెప్పమంటే, మీ అభిప్రాయం చెప్పి, ఆధారం చూపించి, చివరికి అతని నిర్ణయం ప్రకారమే నడుచుకున్న సంఘటన ఎంచుకోండి. మీ మాటే చివరికి నెగ్గిన కథ ఎంత గొప్పదైనా ఇక్కడ పనికిరాదు.

‘ఎన్నేళ్లు చేస్తారు’ అనడం నాకు ఒళ్లు మండే ప్రశ్న. పాతికేళ్ల కుర్రాణ్ని ఎవరూ అలా అడగరు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 జనవరి లెక్కల ప్రకారం, 55–64 ఏళ్ల ఉద్యోగులు అప్పటికి ఉన్న యజమాని దగ్గర గడిపిన మధ్యస్థ కాలం (సగం మందిది అంతకన్నా ఎక్కువ, సగం మందిది తక్కువ) 9.6 ఏళ్లు, 25–34 ఏళ్ల వాళ్లది 2.7 ఏళ్లు. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె పెరగడం కొంత సహజమే. అయినా పెద్దవాళ్లే తొందరగా వెళ్లిపోతారన్న భయానికి ఇందులో ఆధారం కనిపించదు. ఈ అంకెలు మీ ధైర్యం కోసం చెబుతున్నాను, అక్కడ వల్లించడానికి కాదు. అక్కడ ‘కుదురుగా కొన్నేళ్లు ఉండే చోటే వెతుక్కుంటున్నాను, కనీసం ఐదారేళ్లు ఇక్కడే ఉండాలన్నది నా ఉద్దేశం’ అంటే సరిపోతుంది. మీ మనసులో ఉన్నది అదే అయితేనే అనండి.

చట్టం సంగతి అడగలేదు కానీ తెలిసి ఉండటం మంచిది. అమెరికాలో 40 ఏళ్లు నిండినవాళ్లను వయసు కారణంగా తోసిపుచ్చకూడదని 1967లోనే చట్టం చేశారు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం వయసునూ రక్షణ జాబితాలో చేర్చింది. ఫిలిప్పీన్స్ 2016లో తెచ్చిన చట్టమైతే దరఖాస్తులో వయసో పుట్టిన తేదీయో చెప్పి తీరాలని పట్టుబట్టడాన్నే నిషేధించింది. మన దేశంలో ప్రైవేటు కొలువులకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. చట్టం ఉన్నచోట కూడా రుజువు చేయడం కష్టమే. ఆ గదిలోనే తగవు పడవద్దు. మరీ అడ్డంగా మాట్లాడితే మాత్రం బయటికొచ్చాక తేదీతో సహా ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసిపెట్టుకోండి. అదే సంస్థ హెచ్‌ఆర్‌కు మర్యాదగా ఒక ఉత్తరం పంపడానికి పనికొస్తాయి. తర్వాత వచ్చేవాళ్లకైనా మేలు జరగవచ్చు.

జుట్టు మీ ఇష్టం. రంగు వేసుకుంటే మీకు హుషారుగా ఉంటుందనిపిస్తే వేసుకోండి, ఉద్యోగం కోసమైతే అక్కర్లేదు. బయోడేటాలో వయసు దాచడం వేరు, ముందుకు తోసి చూపించకపోవడం వేరు. గత పది పదిహేనేళ్ల పని వివరంగా రాసి, అంతకుముందుది రెండు వరుసల్లో ముగించండి. డిగ్రీ పూర్తిచేసిన సంవత్సరం రాయకపోతే తప్పేం లేదు. ఇప్పుడెవరూ వాడని సాఫ్ట్‌వేర్ల పేర్లు తీసేయండి. అయితే ఫారంలో పుట్టిన తేదీ అడిగితే నిజమే రాయాలి. సర్టిఫికెట్లు చూసే రోజున తేడా బయటపడితే ఉద్యోగంతో పాటు మాటా పోతుంది. వీడియో ఇంటర్వ్యూ అయితే కెమెరా కళ్ల ఎత్తున, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. మీటింగ్ యాప్‌ను ముందు రోజే తెరిచి చూసుకోండి. ‘వినిపిస్తోందా, కనిపిస్తున్నానా’ అంటూ ఐదు నిమిషాలు గడిస్తే, అందరికీ జరిగేదే అయినా మీ విషయంలో అది వయసు ఖాతాలో పడిపోతుంది. అన్యాయమే, కానీ పడకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

సగం జీతానికి సరేనని మీరుగా ఎప్పుడూ అనకండి. తగ్గించుకున్న కొద్దీ ‘ఏదో లోపం లేకపోతే ఇంత దిగివస్తుందా’ అనుకుంటారు. ముందు ఆ ఉద్యోగానికి వాళ్లు అనుకున్న జీతం ఎంతో అడగండి. ఇంతకు తగ్గితే వెళ్లనన్న అంకె ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. పాత జీతం కన్నా తక్కువకు చేరాల్సి వస్తే, ఆరు నెలల తర్వాత పనితీరు చూసి మళ్లీ మాట్లాడుకుందామన్న షరతు ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వదలొద్దు.

ఇంకొక విషయం. ప్రకటనలు చూసి దరఖాస్తులు పెట్టడం మీద పెడుతున్న సమయంలో సగం మనుషుల మీద పెట్టండి. కాగితం మీద మీరు ఒక వయసు, మిమ్మల్ని ఎరిగినవాళ్లకు మీరొక మనిషి. ఏటా మీ లెక్కలు చూడటానికి వచ్చిన ఆడిటర్లు, కొత్త సిస్టమ్ పెట్టడానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు, మీకన్నా ముందే వేరే చోట్లకు వెళ్లిపోయిన పాత సహోద్యోగులు, వీళ్లందరూ మీ పని కళ్లారా చూసినవాళ్లు. ముఖ్యంగా పేరోల్ సాఫ్ట్‌వేర్ పెట్టే కంపెనీలను వదలకండి. కోడ్ రాసేవాళ్లు వాళ్లకు ఉంటారు కానీ, ఓవర్‌టైమ్ లెక్క ఎక్కడ తప్పుతుందో వాసన పట్టేవాళ్లు తక్కువ. ప్రసూతి సెలవులో వెళ్లినవారి స్థానంలో కొన్ని నెలల పనో, ఒక మైగ్రేషన్ పూర్తయ్యేదాకా కాంట్రాక్టు పనో దొరికినా కాదనకండి. లోపలికి వెళ్లాక వయసు గురించి ఎవరికీ గుర్తుండదు.

మీ పని చూసిన ఆ పరిచయస్తులకు ఫోన్ చేసినప్పుడు ‘ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి’ అంటే, ‘తప్పకుండా’ అని మర్చిపోతారు. మెసేజ్ ఇలా పెట్టండి: ‘మీరు అప్పట్లో చూసిన మా పేరోల్ మైగ్రేషన్ లాంటి పని ఎక్కడైనా మొదలవుతోందా? రెండు సిస్టమ్స్ లెక్కలు పోల్చి తేడాలు పట్టే పని నేను చేయగలను. వచ్చే నెల నుంచే చేరగలను. ఎవరితో మాట్లాడితే బాగుంటుందో ఒక్క పేరు చెప్పండి.’ ఒక్క పేరు అడిగితే చాలామంది కాదనరు. ఇవాళ ముగ్గురికి పంపండి.